పెద్దల్లుడి డబ్బా, నా డబ్బా

పోయిన ఆదివారం ఇంటికి సున్నం వేయిద్దామని సామాన్లు దించుతుంటే, అటక మూల నుంచి మా కోడలు ఒక గుండ్రటి రేకు డబ్బా పట్టుకొచ్చి, పాతసామాన్ల వాడికి వేసేయనా మామయ్యా అని అడిగింది. అయ్యో తల్లీ, దాన్ని ముట్టుకోవద్దని నేను అరిచిన అరుపుకు ఆ పిల్ల బిత్తరపోయింది పాపం. అందులో ఉండేది పైపు పొగాకు. నాకు పిల్లనిచ్చిన మామ నా పెళ్లిరోజున నింపి మూత వేసినది, ఈనాటికీ తీయనిది.

ఆయన మదనపల్లెలో ఒక దొర డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేశాడు. దొర దగ్గర వైద్యం ఎంత నేర్చుకున్నాడో తెలియదు గానీ, పైపు తాగడం మాత్రం తుచ తప్పకుండా నేర్చుకున్నాడు. పొగాకును డబ్బాలో అదిమిపెట్టి, గాలి దూరకుండా మూత చుట్టూ కొవ్వొత్తి మైనం పోసి, చల్లటి చోట ఏళ్ల తరబడి దాచిపెడితే, మామిడికాయ గడ్డిలో మాగినట్టు అదీ మాగి, ఘాటు పోయి తీపెక్కుతుందని ఆయన నమ్మకం. ఉన్నది ఇద్దరే కూతుళ్లు, అల్లుళ్లిద్దరికీ పెళ్లిరోజునే చెరో డబ్బా వేసి, మాగినాక కలిసి కూర్చుని తాగుదామని మాట ఇచ్చాడు. ఇక్కడే వచ్చింది నాకు చిక్కు. కుప్పం రైల్వే స్టేషన్లో పనిచేసే మా షడ్డకుడి పెళ్లి, అంటే పెద్దల్లుడి పెళ్లి, నా పెళ్లికంటే రెండేళ్లు ముందు. పుంగనూరు బడిపంతులునైన నేను తలకిందులుగా తపస్సు చేసినా ఆ రెండేళ్లు ఎట్లా పూడ్చేది?

ప్రతి క్రిస్మస్‌కూ మామ బీరువా అడుగు నుంచి రెండు డబ్బాలూ తీసి, తుడిచి, మూత దగ్గర ముక్కు పెట్టి, పెద్దల్లుడిది బాగా మాగతాండాది అని మురిసిపోయి, నా వైపు తిరిగి, నీది ఇంకా పచ్చిగానే ఉండాదప్పా అనేవాడు. మూతే తీయని డబ్బాలో పచ్చో పండో ఈయనకెట్లా తెలిసిందో! నాకైతే ఆ మాట నన్నే అన్నట్టుండి కడుపు భగ్గున మండేది. షడ్డకుడు మంచివాడు, అన్నా అంటే ప్రాణమిచ్చేవాడు. అది ఇంకా మంట.

చివరికి ఒక క్రిస్మస్ పొద్దున షడ్డకుడి డబ్బా మూత తీశారు. మామా ఆయనా వరండాలో పక్కపక్కన కూర్చుని పైపులు ముట్టిస్తే, పాత బెల్లమూ ఎండుద్రాక్షా కలిసినట్టు ఇల్లంతా వాసన. నేను ఓ పక్కన పేపరు చదువుతున్నట్టు నటిస్తుంటే, కాఫీ తెచ్చిన నా భార్య, మొగం యాల అట్ల మాడ్చుకున్నారు అని అందరి ముందరా నవ్వింది. నీది ఇంకో రెండేళ్లు మాగనీ అల్లుడూ అన్నాడు మామ. ఆ రెండేళ్లు నిండకముందే ఆయన కన్నుమూశాడు. ఆ దుఃఖంలో కూడా, ఈయనకు దక్కిన భాగ్యం నాకు దక్కలేదే అని షడ్డకుడిని చూసి కుళ్లుకున్నాను. డబ్బా నా ఇంటికి వచ్చింది గానీ, ఎవరితో కూర్చుని తాగేది? అటకెక్కింది.

మొన్న షడ్డకుడు మమ్మల్ని చూసి పోదామని కుప్పం నుంచి వచ్చాడు. డాక్టర్లు మా ఇద్దరికీ పొగ మాన్పించి చాలా కాలమైంది. బల్ల మీది డబ్బాను ఒడిలో పెట్టుకుని, మైనాన్ని వేలితో తడిమి, చాలాసేపు వాసన చూశాడు.

"నాది ఒక్క పండగకే అయిపాయనప్పా. నీ దాంట్లో మామ ఇంకా ఉండాడు."

ఆ కళ్లలో మంట నాకు కొత్తది కాదు, ఇన్నేళ్లు నేను మోసిందే. ఆహా, ఎన్నాళ్లకు అని లోపల గంతేశాను. తీద్దామా అని ఆశగా అడిగాడు.

"ఇంకో రెండేళ్లు మాగనీన్నా," అన్నాను.

ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని, కళ్లు తుడుచుకుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

మా మనవడు పొద్దున ఫోనులో నొక్కితే సాయంత్రానికి వస్తువు గడపలో ఉంటుంది, మాగబెట్టడమంటే ఏమిటో వాడికి చెప్పినా ఎక్కదు. కాచుకోవడం మన కాలం వాళ్లకే అలవాటు. పంతానికి రెండేళ్లు అనేశాను గానీ, కర్ర పట్టుకుని బస్సెక్కడానికి ఆయన పడిన అవస్థ చూసినప్పటి నుంచీ నాకు ఒకటే దిగులు. ఈ పొద్దున లేస్తూనే కుప్పానికి ఫోను చేసి, వచ్చే ఆదివారమే రాన్నా, మాగింది చాలు అన్నాను.