దిష్‌దాషా కింద నడికట్టు

అరబ్బు దేశంలోని ఫహాహీల్ బజారులో దిష్‌దాషాలు, అంటే మగవాళ్ల పొడుగు అంగీలు, కుట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. ఖాజా హుస్సేన్‌కు పేరు తెచ్చినవి మాత్రం బాలింతల నడికట్లు. రాయచోటి నుంచి వచ్చిన కొత్తలో భార్య జుబేదా బీ కాన్పయ్యాక ఒకటి కుట్టించుకుంది. అది చూసి పక్కింటి అరబ్బు ఆవిడ తనకూ అడిగింది. ఇక ఆగలేదు.

ఒక మధ్యాహ్నం అబూ సాలెం అనే భారీ మనిషి కొట్లోకి వచ్చి, పొట్టకు కట్టే పట్టీ కావాలన్నాడు.

"మబ్రూక్, శుభాకాంక్షలు! మీ ఇంటావిడకు ఎన్నో కాన్పు?" అంటూ ఖాజా టేపు తీశాడు.

"పట్టీ నాకు."

ఆపరేషన్ అయిందేమోననుకుని ఖాజా కొలత మొదలుపెట్టాడు. "కుట్లు మానాయా?"

"కుట్లు లేవు. పిస్తోలు పెట్టుకోవాలి."

టేపు ఆ పొట్ట చుట్టూ అలాగే ఉండిపోయింది. అబూ సాలెం ఒక వ్యాపారికి అంగరక్షకుడు. లైసెన్సు చూపించాడు. ఆన్‌లైన్‌లో తెప్పించిన పట్టీ ప్యాంటూ చొక్కా వాళ్లకు పనికొచ్చేది. దిష్‌దాషా అయితే చీలమండల దాకా ఉంటుంది. పిస్తోలు తీయాలంటే ముందు అంగీ అంతా నడుం దాకా ఎత్తుకోవాలి.

"అంతసేపు దొంగ ఆగడు కదా," అన్నాడు.

ఖాజా పక్కకెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు. "ఏమ్మే, రేపు పోలీసులొస్తే నేనేం చెప్పాల?"

"మనం కుట్టేది గుడ్డ," అంది జుబేదా బీ. "దాని బరువెంతుండాదో అడిగినావా?"

అడగలేదు. మర్నాడు అబూ సాలెం తన దిష్‌దాషా ఒకటి, శిక్షణలో వాడే నీలం రంగు బొమ్మ పిస్తోలు తెచ్చిచ్చాడు, అసలుదాని బరువే. ఖాజా పట్టీ కుట్టి, అది పెట్టి, ముందు తన నడుముకే కట్టుకున్నాడు. మిషను ముందు కూర్చుంటే డొక్కలో పొడిచింది. కొట్లోనే నమాజుకు వంగితే బొడ్డు మీదికి జారింది. ఆ సాయంత్రం ఒకాయన వచ్చి అంగీ చేతులు పొట్టివయ్యాయని కేకలేస్తే, ఎప్పుడూ ఎదురు చెప్పే ఖాజా మారుమాట లేకుండా మళ్లీ కుట్టిస్తానన్నాడు. నడుముకు ఆ బరువుండగా గొంతు పెంచబుద్ధి కాలేదు.

పట్టీ విప్పి లోపల జీన్సు గుడ్డ వేశాడు. ట్రిగ్గరు మీద వేలు పడకుండా గట్టి తోలు కుట్టాడు. పిస్తోలు జేబును కుడి పక్కకు జరిపాడు. చెయ్యి దూరేలా అబూ సాలెం దిష్‌దాషా పక్కజేబు అడుగు కత్తిరించాడు.

అబూ సాలెం వచ్చి రెండూ వేసుకున్నాడు. కూర్చున్నాడు, లేచాడు, జేబులో చెయ్యి పెట్టి బొమ్మను లాగాడు. జేబు మూతకు వేసిన వెల్క్రో బర్రుమంది. కొట్లో లేసు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు తిరిగి చూశారు.

"సగం ఫహాహీల్‌కు తెలిసిపోయింది," అన్నాడతను.

ఖాజా వెల్క్రో పీకేసి టిచ్ బటన్లు వేశాడు.

చలికాలంలో అబూ సాలెం మళ్లీ వచ్చాడు. ఇప్పుడు ఆఫీసులో కూర్చోబెట్టి కెమెరాలు చూడమన్నారట. పిస్తోలు అప్పగించేశాడు.

"అయితే పట్టీ వెనక్కి తెచ్చారా?"

"లేదు, ఇంకోటి కావాలి. జేబు వద్దు. అలవాటైపోయింది. అది లేకపోతే పొట్ట ఊడి కింద పడేట్టుంది."

ఖాజా నవ్వలేదు. ఊపిరి బిగబట్టకుండా నిలబడమని చెప్పాడు. అబూ సాలెం ఊపిరి వదిలాడు. ఈసారి పట్టీకి ఇంకో జానెడు గుడ్డ పట్టింది.