నాయన ఎక్స్‌రేలో తంగేడు పువ్వు

రేకు పెట్టె సర్దుతుంటే అక్క కోసిన పాత అచ్చు దొరికింది. అది మా నాయన ఛాతీ ఎక్స్‌రే. గోదావరిఖని క్వార్టర్లలో పెరిగిన దోస్తులకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో దవాఖాన ఫిల్ములు ఇంటింటా గోడకు వేలాడేవి.

అక్క ఆ ఫిల్ము మధ్యలో బ్లేడుతో తంగేడు పువ్వు కోసింది. చెక్క చట్రానికి అమ్మది చిరిగిన నైలాన్ చీర బిగించి, కింద ఫిల్ము పెట్టి, నాయన బొగ్గుబాయి నుంచి తెచ్చిన, బొగ్గు మోసే బెల్టు రబ్బరు ముక్కతో గుడ్డ మీదికి రంగు లాగేది. దర్జీ పారేసిన పేలికలన్నీ పూల రుమాళ్లయ్యేవి. ఇల్లంతా రంగులో కలిపిన కిరోసిన్ వాసన.

"ఎక్స్‌రే ఖరాబు చేసింది. డాక్టరు అడిగితె ఏం సూపిస్తవ్?" అని అమ్మ కోప్పడితే నాయన దగ్గుతూనే నవ్వాడు.

"కొయ్యనియ్యి. అండ్ల సూసేదేముంది, అంత బొగ్గే గద."

పోయేదాకా ఆ రుమాళ్లనే నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు.

ఆయన ఉద్యోగం నాకొచ్చింది. మొన్న నాకూ ఎక్స్‌రే తీశారు. ఇప్పుడు ఫిల్ము ఇవ్వడం లేదు, బొమ్మ ఫోన్‌కు పంపారు. అచ్చును కిటికీ వెలుగుకు పెట్టి, పక్కన ఫోన్ పట్టుకుని చూశాను. మచ్చలు అవే. పువ్వు ఒక్కటే లేదు.