గురివిరెడ్డిని కుర్చీలో కూర్చోబెట్టిన మా అక్క

మా అక్క దేవకుమారి ప్రొద్దుటూరులో ఒక నరాల డాక్టరు దగ్గర ఈఈజీ తీసేది. తలకు వైర్లు అంటించి, మెదడులో పుట్టే సన్నటి కరెంటును కంప్యూటర్ మీద గీతలుగా చూపించే పని. జమ్మలమడుగులో మా వీధి నుంచి అలాంటి కొలువులోకి వెళ్లిన మొదటి ఆడపిల్ల ఆమే.

ఒక ఎన్నికల ఏడాది బెంగళూరు నుంచి పరిశోధకులు వచ్చి అక్కను సాయం అడిగారు. ఒకే మనిషి ఫొటోను ఒకసారి సొంత పార్టీ కండువాతో, ఇంకోసారి ఎదుటి పార్టీ కండువాతో చూపిస్తే మెదడు ఎలా స్పందిస్తుంది, నమ్మకం ఎంత మారుతుంది అన్నది వాళ్ల ప్రశ్న. పులివెందుల దారిలో ఒక ఫ్యాక్షన్ ఊరి బడిలో మిషన్ పెట్టారు. వాళ్లను తీసుకెళ్లే జీపు నాదే, నడిపేదీ నేనే. తలకు వైర్లంటే జనం జడిశారు. అక్క ముందు తానే ఆ వైర్ల టోపీ పెట్టుకొని అందరి ఎదుట కూర్చుంది. ఆ తర్వాత రెండు వర్గాలవాళ్లూ రాసాగారు.

ఒక మధ్యాహ్నం పరిశోధకులు భోజనానికి వెళ్లినప్పుడు, ఒక వర్గం పెద్ద గురివిరెడ్డి తన మనుషులతో లోపలికి వచ్చాడు.

"మా నారాయణ మా మాటలు అవతలోళ్లకు మోస్తాండాడని అనుమానం. నిన్న ఈడ కూచున్యాడంట గదా. వాని మనసు యాడుందో మిషన్లో చూసి చెప్పు పాపా."

నేను తలుపు పక్కనే ఉన్నాను. ఆమె ఒక్క మాట అంటే నారాయణ బతకడు.

"ఇది ఒక మనిషి గుట్టు చెప్పే మిషన్ గాదు పెద్దాయనా. శానామంది గీతలు కలిపి చూస్తేనే ఏదన్నా తెలిసేది."

"నాకు కథలు చెప్పొద్దు."

"అయితే నువ్వే కూచ్చో, చూపిస్తా."

ఏమనుకున్నాడో, ఆయన కూర్చున్నాడు. అక్క జిగురు పూసి టోపీ తొడిగి, స్క్రీన్ ఆయన వైపు తిప్పింది.

"నీ పగోన్ని తలుచుకో." గీతలు సన్నగా పారుతున్నాయి. "ఇప్పుడు నీ మనమరాలిని తలుచుకో." చూసేవాళ్లకు తేడా ఏమీ కనబడలేదు. "ఇప్పుడు కన్నార్పు." గీతలు ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి.

"చూస్తివా? కన్నార్పితేనే ఇంత ఎగుర్తాది. దీన్ని నమ్మి మనిషి పానం తీస్తావా?"

గురివిరెడ్డి మళ్లీ కన్నార్పాడు. ఇంకోసారి ఆర్పాడు. చివరికి టోపీ తీసేసి, "శానా మొండిదానివే," అని, జుట్టుకంటిన జిగురుతోనే వెళ్లిపోయాడు. నారాయణ జోలికి ఎవరూ పోలేదు.

సాయంత్రం ఇంట్లో చెబితే మా అమ్మ దీవెనమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "రెడ్డిని కూచ్చోమంటివా!" అని అక్కను తిట్టింది. తిట్టి, చెప్పులేసుకొని, ఆ సంగతి చెప్పడానికి ఇంటింటికీ బయలుదేరింది.