మడవని పోంచో

బసీలియా బట్ట అంచును గడ్డం కింద నొక్కిపెట్టుకుంటుంది. రెండు చేతులూ బారచాచి కొసలు పట్టుకుంటుంది. చేతులు దగ్గరికి తెచ్చి కొసకు కొస కలుపుతుంది. గడ్డం వదులుతుంది. పడిన మడత మీద అరచేతిని రెండుసార్లు నడిపిస్తుంది, బెదిరిన గొర్రెపిల్ల వీపు నిమిరినట్టు. అప్పుడు పక్కన పెడుతుంది.

పిండి బస్తా అయినా అంతే. రొట్టెలు మూటగట్టిన గుడ్డ అయినా అంతే. పొలంలో దుంపలు తవ్వి అలిసిపోయిన ఆడవాళ్ళు వీపున కట్టుకునే దుప్పట్లు నేల మీద పడేసి చతికిలబడితే, ఆమె ఒక్కతే నిలబడి తనది మడుస్తూ ఉంటుంది.

"వదినా, మబ్బు గనక నీ చేతికి చిక్కితే దాన్నీ మడిచి పెట్టెలో పెట్టేస్తావ్," అంటాడు మెల్చోర్. కిస్వార్‌పంపా అనే ఆ కొండ ఊరి చర్చి తాళాలు అతని దగ్గరే ఉంటాయి.

"నీ నోరొక్కటి మడవగలిగితే చాలు మెల్చోర్. దేవుణ్ణి ఇంకేమీ అడగను," అంటుంది బసీలియా.

మడత తెలిసిన మనిషి కాబట్టే ప్రభువు బట్ట ఆమె చేతికి వచ్చింది. శుభ శుక్రవారం సాయంత్రం మగవాళ్ళు నిచ్చెనలెక్కి శిలువ మీది ప్రభువుకు మేకులు ఊడదీస్తారు. ఆ కొయ్య ప్రభువు భుజాలకు తోలు కీళ్ళున్నాయి. మేకు ఊడగానే చెయ్యి వాలిపోతుంది. ఎన్నేళ్ళు చూసినా, ఆ చెయ్యి వాలేటప్పుడు ఊరంతా ఊపిరి బిగబడుతుంది. ఆయన్ని తెల్లటి నారబట్టలో చుట్టి అద్దాల పెట్టెలో పడుకోబెడతారు. శనివారం పొద్దువాలాక మెల్చోర్ తలుపులు మూసుకుని, ఆయన్ని పైకి తీసి, తుడిచి, కొత్త అంగీ తొడిగి, కొవ్వొత్తుల పల్లకిలో నిలబెడతాడు. పెట్టెలో మిగిలిన బట్టను బసీలియా మడుస్తుంది. ఆదివారం తెల్లవారుజామున ఊరు ముందుగా చూసేది పల్లకిని కాదు, ఆ పెట్టెని. లోపల మనిషి ఉండడు. మడత ఉంటుంది.

ఆమెకు ముందు ఆ పని చేసిన ముసలి దొరోతియా పని అప్పజెబుతూ ఒక మాట చెప్పింది.

"దొంగలెత్తుకుపోతే బట్ట మడుస్తారా పిల్లా? పారిపోయేవాడు మడుస్తాడా? ఆయన తీరిగ్గా లేచాడు. బట్ట మడిచి పక్కన పెట్టాడు. అప్పుడు వెళ్ళాడు. సువార్త ఇంతే. మిగిలిందంతా ఫాదర్ల మాటకారితనం."

అప్పటికి బసీలియాకు కొత్తగా పెళ్ళయింది. మడత శుభ్రంగా ఉండాలని చెబుతోందనుకుని తల ఊపింది.

ఆ రోజుల్లో ఆమె గడ్డంతో మడిచేది కాదు. ఆ కొస ఎలాదియో పట్టుకునేవాడు, ఈ కొస ఆమె. ఇద్దరూ ఒకరివైపు ఒకరు నడిచి కొసలు కలిపేవాళ్ళు. కలిసే లోపల అతను ఒక్కసారిగా బట్ట గుంజేవాడు. ఆమె తూలేది. తిట్టేది. మళ్ళీ మొదట్నుంచి మడవాల్సి వచ్చేది.

తర్వాత చెడ్డ ఏళ్ళు వచ్చాయి. ఒక సాయంత్రం ఎలాదియో పొలం నుంచి వచ్చి, తల దూర్చి కప్పుకునే ఉన్ని పోంచో తల మీంచి తీసి బల్ల మీదికి విసిరేసి, పొయ్యి దగ్గర కూర్చున్నాడు. తలుపు చప్పుడైంది. బయట ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు. సైనికులని కొందరన్నారు. కొండల్లో తిరిగేవాళ్ళని కొందరన్నారు. ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

"ఎలాదియో, ఒకసారి బయటికి రా."

అతను లేచాడు. "దుంపలు దించు, మాడిపోతాయి. ఇప్పుడే వస్తా," అన్నాడు ఆమెతో. చొక్కాతోనే వెళ్ళాడు. అది గడ్డి మీద మంచు గట్టిపడే కాలం. గోడ మలుపు దగ్గర అతని దగ్గు ఒకసారి వినిపించింది.

దుంపలు మాడలేదు. ఆమె దించింది.

పోంచో బల్ల మీదే ఉండిపోయింది. ఒక అంచు నేలకు జారి ఉంది. తల దూర్చే చీలిక తలుపువైపు తెరుచుకుని ఉంది. ఆమె దాన్ని ముట్టలేదు. పురుగు పట్టకుండా చుట్టూ ఘాటు వాసన కొండాకు పెట్టేది. ఎండ కావాలంటే బల్లతో సహా వాకిట్లోకి ఈడ్చి, బల్లతో సహా లోపలికి ఈడ్చేది. ఊళ్ళోని ప్రతి గుడ్డనూ మడిచే మనిషి ఆ ఒక్క గుడ్డనూ మడవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే దొరోతియా మాటే చెప్పేది. మడిచినవాడు వెళ్ళినవాడు. ఇతను మడవలేదు.

ఈస్టర్ అంటే ఆమెకు భయం. ఖాళీ సమాధే మన సంతోషమని ఫాదర్ ఏటా చెబుతాడు. ఊరు చప్పట్లు కొడుతుంది. బసీలియా అద్దాల పెట్టెవైపు చూస్తుంది. ఖాళీ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. దాని చుట్టూ ఊడుస్తుంది, దాని పక్కన నిద్రపోతుంది. సువార్తలో ఆమెకు అర్థమయ్యేది మగ్దలేన మరియ ఒక్కతే, అదీ ఖాళీ సమాధి దగ్గర ప్రభువును తోటమాలి అనుకుని అడిగేంత వరకే. మరియ బతికించమని అడగలేదు. శవాన్ని ఎక్కడ పెట్టావో చెప్పమంది, నేనెత్తుకుపోతానంది. అక్కడి వరకు బసీలియా మరియ పక్కనే నిలబడుతుంది. తర్వాత ఆయన మరియను పేరు పెట్టి పిలుస్తాడు. బసీలియా ఒంటరిగా మిగిలిపోతుంది.

కొన్ని సాయంత్రాలు గోడ మలుపు దగ్గర దగ్గు వినిపించేది. అందుకని తలుపు పూర్తిగా మూసేది కాదు. చలి లోపలికి వచ్చేది.

ఈ యేడు శుక్రవారం నాడు కూతురు నీల్దా వచ్చింది. తండ్రి వెళ్ళినప్పుడు పాలు తాగే పిల్ల. ఇప్పుడు అయకూచో పట్నం బజారులో రొట్టెలమ్ముతుంది. మూట దించుతూనే మొదలుపెట్టింది.

"అమ్మా, నాన్న పోంచో ఉతుకుదాం."

బసీలియా పొయ్యి ఊదుతూ ఉండిపోయింది. ఊళ్ళో మనిషి పోతే ఐదో నాడు బట్టలు ఏటికి తీసుకుపోయి ఉతుకుతారు. ఉతికాక అవి పోయినవాడికి చేరతాయి. శవం దొరకని మనిషికి ఆ బట్టలే గోతిలో పెడతారు. మరి బట్ట ఉతకడమంటే, మనిషి పోయాడని ఏటితో చెప్పడం.

"ఫాదర్ శ్మశానంలో చోటిస్తానన్నారు. నాన్న కల్లోకొస్తున్నాడమ్మా. ముఖం కనపడదు. చొక్కాతో నిలబడి వణుకుతుంటాడు. లోపలికి రమ్మంటే రాడు."

"నీకు ముఖం తెలిస్తే కదా కనపడ్డానికి."

"అవును, తెలీదు. నాకు తెలిసింది ఆ బల్లే. చిన్నప్పుడు దాని మీద కూర్చుంటే వీపు చిట్లగొట్టావ్."

"కూర్చుంటే ముడత చెదురుతుంది."

"ముడతకున్న విలువ నాకు లేదన్నమాట!" నీల్దా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగింది. "ఆయన్ని బయట నిలబెట్టింది నువ్వేనమ్మా. వాళ్ళెవరో కాదు. నువ్వు."

"బట్ట ఉతికితే చంపినట్టే."

"ఉతక్కపోతే బతికినట్టా?"

బసీలియా ఎర్ర కూరలోకి వేరుశనగలు నూరుతూ కూర్చుంది. నూరడం అయ్యాక, రోలు కడిగాక, చేతులు తుడుచుకున్న గుడ్డ మడిచాక అంది:

"రేపు బూడిద చల్లుదాం. పోయినవాడైతే వచ్చి దాని మీద అడుగు వేస్తాడు. అడుగు పడితే ఉతుకు, పాతిపెట్టు, నీ ఇష్టం. పడకపోతే నేను చచ్చేదాకా ఈ మాట ఎత్తొద్దు."

"ఎత్తను."

"ఒట్టు?"

"ఒట్టమ్మా."

శనివారం సాయంత్రం నీల్దా కొవ్వొత్తులతో ముందుగా చర్చికి వెళ్ళింది. చల్లేవాళ్ళు ఒక్కరే ఉండాలి. చల్లాక ఇల్లు వదిలిపోవాలి, తెల్లారేదాకా తిరిగి రాకూడదు. బసీలియా పొయ్యిలోని బూడిద జల్లెడ పట్టింది. లోపలి మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ చల్లింది. బల్ల దగ్గరికి వచ్చేసరికి గంట మోగింది. జారిన అంచు కింద కూడా బూడిద పడాలి. ఆమె వంగింది. మనసంతా గంట మీదే ఉంది. తాను వెళ్ళకపోతే పెట్టెలో బట్ట అలాగే పడి ఉంటుంది. గబగబా గుమ్మం దాకా చల్లి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

చర్చిలో మెల్చోర్ ప్రభువు రెండు చేతులూ పైకెత్తి బిగిస్తూ ఆయాసపడుతున్నాడు.

"చూడు వదినా, మూడో నాడు తనే లేచాడంటారు. ఇక్కడ మాత్రం ఏటా నా నడుం విరుగుతుంది. నేనెత్తకపోతే ఈ చేతులు లేవవు."

"నీ నడుం గోల ఆయనకెందుకు? సరిగ్గా పట్టుకో, జారుతున్నాడు."

ఆమె పెట్టెలోంచి నారబట్ట తీసింది. గడ్డం కింద పెట్టుకుంది. చేతులు చాచింది, కలిపింది. రెండుసార్లు నిమిరింది. పెట్టెలో తలవైపున ఉంచింది.

తెల్లవారుజామున కంపలు పోసి మంటలు వేశారు. పల్లకి గుమ్మం దాటింది. కొవ్వొత్తుల మధ్య ప్రభువు చేతులు పైకెత్తి ఊగుతూ వెళ్ళాడు. "లేచాడు!" అని ఊరు అరిచింది. నీల్దా అరిచింది. బసీలియా పెదవులు కదిలించింది. ఊరంతా మొక్కజొన్న కల్లు దగ్గరికి కదిలాక తల్లీకూతుళ్ళు ఇంటికి నడిచారు.

తలుపు వేసినట్టే ఉంది. తోశారు. ఎండ వాళ్ళకంటే ముందుగా లోపలికి వెళ్ళింది.

బూడిద చెక్కుచెదరలేదు. కోడి అడుగు లేదు, పిల్లి అడుగు లేదు. మనిషి అడుగు లేదు.

బల్ల మీద పోంచో మడిచి ఉంది.

నీల్దా గుమ్మంలోనే మోకరించింది. "నాన్నా," అంది. ఆ మాటతో ఎన్నడూ ఎవరినీ ఎదురుగా పిలవని గొంతు అది. "వచ్చాడమ్మా. నేల తాకకుండా వచ్చాడు. మడిచి వెళ్ళాడు."

బసీలియా బూడిద తొక్కుకుంటూ బల్ల దాకా వెళ్ళింది. వంగి చూసింది. కొసకు కొస కలిసింది. మడత మీద అరచెయ్యి నడిచిన జాడ రెండు వరసలుగా ఉంది. దాని మీద పల్చగా, ముగ్గు పొడిలా, బూడిద. అంటే ముందు మడత పడింది, తర్వాత బూడిద పడింది. అంచు ఎత్తడానికి వంగినప్పుడు, మనసు గంట దగ్గర ఉన్నప్పుడు, చేతులు తమకు తెలిసిన పని చేసేశాయి. ఇన్నేళ్ళు ఆ ఒక్క గుడ్డకు దూరంగా కాచుకొచ్చిన చేతులు.

ఆమె చేతులకేసి చూసుకుంది. వేరెవరివో చేతుల్ని చూసినట్టు చూసింది.

నీల్దా ఏడుస్తూ, నవ్వుతూ, మళ్ళీ ఏడుస్తూ ఉంది. బసీలియా చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చి ఆగింది. అడుగు పడలేదు. ఒట్టు ప్రకారం గెలిచింది తనే. ఇక ఉతకనక్కర్లేదు. విప్పి, పాత ముడతలు గుర్తు తెచ్చుకుని, మళ్ళీ అలాగే పరిస్తే సరి. చెయ్యి చాచింది. పాత ముడతలు గుర్తు రాలేదు. ఏ అంచు జారి ఉండేది? చీలిక ఎటు తెరుచుకునేది? ఎంత తల పట్టుకున్నా గుర్తు రాలేదు.

పగలంతా చుట్టాలు వచ్చిపోయారు. ఎర్ర కూర తిన్నారు. అద్భుతం అన్నారు. మెల్చోర్ ఒక్కడే మడతను చూసి, తర్వాత బసీలియాను చూసి, నోరు మెదపకుండా వెళ్ళిపోయాడు. అతని నోరు మడతపడటం అదే మొదటిసారి.

పొద్దు వాలాక ఆమె బల్ల మీద, పోంచో మడతపడటంతో ఖాళీ అయిన చోట కూర్చుంది. ఎన్నడూ కూర్చోని చోటు. దగ్గు వినిపించింది. గోడ మలుపు దగ్గర కాదు, గుమ్మానికి దగ్గరగా. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. నీల్దా తల తిప్పలేదు, ఆమెకు వినిపించలేదు.

బసీలియా లేచి తలుపు తీసింది. బయట చీకటి, గడ్డి మీద మంచు మొదలవుతోంది. ప్రభువు బట్ట అక్కడే వదిలేసి వెళ్ళాడు. ఆయనకు చలి లేదు. ఇతనికి ఉంది.

"చలేస్తోంది కదూ," అంది చీకటితో. "ఇస్తాను."

మర్నాడు పొద్దున్నే పోంచో చంకలో పెట్టుకుని ఏటికి దిగింది. వెనక నీల్దా పరుగెత్తుకొచ్చింది. నీళ్ళలో ముంచగానే ఏటి నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. ఏళ్ళ పొగ, కొండాకు పొడి, ఆ చివరి రోజు పొలం మట్టి. రాతి మీద వేసి రుద్దింది. నీళ్ళు తేటపడేదాకా రుద్దింది.

"నీల్దా," అంది తల ఎత్తకుండా. "మడిచింది ఆయన కాదు. నేనే."

"ఎప్పుడు?"

"తెలీదు. చేతులు మడిచేశాయి."

నీల్దా దిగువకు కొట్టుకుపోతున్న మట్టిని చూసింది.

"అయితే మరి అడుగు పడనట్టే కదమ్మా. ఎందుకు ఉతుకుతున్నావ్?"

బసీలియా పోంచో పైకి లేపింది. తడిసి ఒక మనిషంత బరువుంది. అలవాటుగా అంచు గడ్డం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. దించింది.

"ఆ కొస పట్టుకో," అంది.

నీల్దా చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగి పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పిండారు. కొస మెలితిరిగి బిగుసుకున్నప్పుడు నీల్దా గట్టిగా గుంజింది. బసీలియా తూలింది.

"నెమ్మదే, ముండా!" అని తిట్టింది. కాళ్ళు తన్నిపెట్టి నిలబడి, తన కొస మళ్ళీ గట్టిగా పట్టుకుంది.