రాణిగారు తుమ్మిన గోడ

ఎవరిష్టు బాబాయి నోట నిజం వచ్చిన రోజున లిస్బన్‌లో ట్రాములన్నీ పట్టాలు తప్పుతాయని మా డ్రైవర్ల నమ్మకం. కొండమీదికెళ్ళే పసుపు ట్రామును నేను చాలా ఏళ్ళుగా నడుపుతున్నాను. ఇంతవరకూ ఒక్కసారీ పట్టాలు తప్పలేదు.

మా పేటలో అందరికీ ఆయన బాబాయే. ఒకప్పుడు నాటకశాలలో ప్రాంప్టింగు చెప్పేవాడు. వేదికమీద రాజులూ రాణులూ మాట మరిచిపోయినప్పుడల్లా తెర పక్కనుంచి గుసగుసగా అందించడం ఉద్యోగం. జీవితమంతా ఇంకొకళ్ళ మాటలు గొణిగి గొణిగి, పింఛను పుచ్చుకున్నాక సొంత మాటలు గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడానికి నా ట్రాము దొరికింది. వినడానికి ఊరు చూడవచ్చిన పరదేశులు దొరికారు.

మా ట్రాము ముత్తాతల కాలంనాటిది. చెక్క బల్లలు, ఇత్తడి పిడులు, మలుపు తిరిగినప్పుడల్లా ఒక మూలుగు. బస్సు అలా మూలిగితే షెడ్డుకి పంపమంటారు, ట్రాము మూలిగితే వీడియో తీసుకుంటారు. పరదేశులు పొద్దున్నే మొదటి స్టాపులో ఎక్కేసి, కిటికీల్లోంచి సగం బయటికి వేలాడుతూ, మేం ఆరేసుకున్న బట్టలకి కూడా ఫోటోలు తీస్తారు. నా చొక్కా ఎన్ని దేశాలు తిరిగిందో నాకే తెలియదు.

మూడు కుళాయిల మలుపు రాగానే బాబాయి లేచి నిలబడేవాడు. వచ్చీరాని ఇంగ్లీషు సగం, చేతులు సగం.

"అయ్యలారా, అమ్మలారా! మా రాణిగారు తుమ్మిన గోడ ఇదే! దిగండి, దిగండి! చూడకుండా పోతే పాపం!"

అక్కడున్నది పెచ్చులూడిన గోడ, దానికో వాననీళ్ళ గొట్టం. అయినా సగం ట్రాము దిగేది. గోడకి ఆనుకుని ఫోటోలు దిగేవాళ్ళు. ఒక జర్మన్ ఆవిడ తానూ ఒకసారి తుమ్మి చూసుకుంది.

"ఏ రాణి బాబాయ్? ఎప్పుడు తుమ్మింది?" అని అడిగాను.

"జలుబు చేసినప్పుడు."

"మొన్న గుడ్డి ఏనుగు ఒరుసుకున్న గోడ అన్నావుగా?"

"ఏనుగు ఒరుసుకుంటే దుమ్ము లేస్తుంది. దుమ్ము లేస్తే రాణి తుమ్మదట్రా?"

ఇలా సాగుతుండగా, ఒక డచ్చి దంపతులు మా ఊరికి రెండోసారి వచ్చారు. మొదటిసారి వాళ్ళకి దొరికింది ఏనుగు, ఈసారి రాణి. తిన్నగా మా ట్రాము ఆఫీసుకెళ్ళి ఫిర్యాదు చేశారు. అబద్ధం చెప్పినందుకు కాదు, అంత మంచి ఏనుగుని ఎందుకు తీసేశారని!

ఇన్‌స్పెక్టరు బల్తజార్‌గారు నన్ను పిలిపించారు. "రేపు నేనే వచ్చి నీ పక్కన నిలబడతాను. ఆ ముసలాయన నోరు విప్పాడో, ఆయన్ని ట్రాము దింపెయ్యి. దింపకపోయావో, ఉద్యోగంలోంచి నువ్వు దిగు."

ఈ మాట బాబాయికి చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నీ కూటికి అడ్డమొచ్చే రాణి నాకెందుకురా అబ్బాయ్? తుమ్ము ఆపుకోమని చెబుతాలే" అన్నాడు.

మర్నాడు మూడు కుళాయిల మలుపు వచ్చింది. బాబాయి పెదాలు బిగించి కూర్చున్నాడు. ఒక్క పరదేశీ కదల్లేదు. స్టాపులో మా పేట ఫెలిష్మీనా అత్త, ఆమెతోపాటు ముగ్గురు ముసలమ్మలు, సంత సంచులతో నిలబడి ఉన్నారు. అత్త మెట్టుమీద ఒక కాలు పెట్టింది. రెండో కాలికి చోటు లేదు.

"కాస్త జరగండి నాయనా!" అంది.

పరదేశులు నవ్వి ఆమెకి ఫోటో తీశారు.

"ఎవరిష్టు ఏడిరా? పోయాడా?" అని అత్త నన్ను అడిగింది.

"ఉన్నాడు. నోరొక్కటే పోయింది."

"మరి మేం పైకెలా పోవాల్రా? వీళ్ళు దిగితేనేగా మాకు చోటు! ఆ రాణి తుమ్మకముందు గడప గడపకీ కూలబడుతూ ఈ కొండెక్కాను. ఈ మోకాళ్ళతో మళ్ళీ నావల్ల కాదు. పైన మంచంలో మా అక్క సూపు కోసం ఎదురుచూస్తూ ఉంటుందిరా!"

ఇన్నాళ్ళూ ఆ మలుపులో బాబాయి సీట్లు ఖాళీ చేయించేది సరదాకేననుకున్నాను నేను. ఏనుగు ఒరుసుకున్నా, రాణి తుమ్మినా, ఆ ఖాళీలో కూర్చున్నది ఈ నలుగురే. బాబాయి వైపు చూశాను. కిటికీలోంచి ఆ గోడని, దాన్ని జన్మలో చూడనట్టు చూస్తున్నాడు. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. పక్కనున్న ఇన్‌స్పెక్టరంటే భయమూ అంతే పుట్టింది.

గంట కొట్టాను. "అయ్యలారా, అమ్మలారా!" అన్నాను.

ట్రామంతా నావైపు తిరిగింది. అంతే. తర్వాతి ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు.

వెనకనుంచి, పెదాలు కదలకుండా, సన్నని గుసగుస వినిపించింది.

"రాణి... తుమ్ము... గోడ..."

"రాణిగారు తుమ్మిన గోడ!" అని గొంతు చించుకున్నాను. "దిగండి, దిగండి!"

సగం ట్రాము దిగింది. ఇన్‌స్పెక్టరు నన్ను చూశారు, బాబాయిని చూశారు, అత్త మోకాళ్ళని చూశారు. టోపీ సర్దుకున్నారు.

"ఏదీ, ఎటువైపు?" అని ఆయనా దిగిపోయారు. మేం కదిలేసరికి గోడ దగ్గర ఎవరికో ఫోటో తీసిపెడుతున్నారు.

నలుగురు ముసలమ్మలూ సంచులు ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చున్నారు. ట్రాము మూలుగుతూ కొండెక్కుతుంటే బాబాయి నా వెనక్కి చేరాడు. మెచ్చుకుంటాడేమోనని చెవి ఒగ్గాను.

"పరవాలేదుగానీ అబ్బాయ్, ఏనుగుని వదిలేశావు. ఆ డచ్చివాళ్ళు మళ్ళీ వస్తే ఎవరు సమాధానం చెబుతారు?"