ముందుగాల ఇచ్చిన చాయ్ పైసలు

టిప్పు తీసుకుంటే తప్పేంది అని ఇప్పటికీ నాతోని వాదించేటోళ్లున్నరు. తప్పేందో నాకు తెలుసు. ఆ గడ్డి నేను తిన్న.

అప్పట్ల నాచారంల ఒక మందుల ఫ్యాక్టరీల కంప్యూటర్ పని జేసేటోణ్ణి. ఆదివారాలు సొంత పని. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి రాసి ఇంటర్నెట్ల పెట్టిన. ఫ్రీ. లోపలి కోడ్ గూడ బాహాటమే, ఎవరన్న తీస్కోవచ్చు, దిద్దొచ్చు. తప్పు కనబడితే మెయిల్ రాస్తరు, వచ్చిన వరుసల సరిజేస్త. కింద ఒక్క ముక్క రాసిన: నచ్చితే చాయ్ పైసలు పంపుండ్రి. ఏండ్లకేండ్లు ఒక్కరు పంపలే.

మేడిపల్లిల ఒక చిన్న బడి టీచరమ్మ ఉండె. కోస్తా నుంచి వచ్చినామె. ప్రింటు తీస్తే ఏ ఒత్తు ఎగిరిపోతదో పదం పదం రాసి పంపేది, రెండేండ్లు, ఉత్తగనే. ఒకసారి రాసింది: "పిల్లల పరీక్ష పేపర్లలో ఒత్తులు పడడం లేదండి. పది రోజుల్లో కావాలి." వరుసల ఆమెదే ముందు.

గప్పుడే ఉప్పల్ల పెండ్లి కార్డుల ప్రెస్ నడిపేటాయన ఇంటికొచ్చిండు. "అన్నా, లగ్గాల సీజను, అంకెలు సక్కగ వస్తలేవు, జర సూడు" అని నా జేబుల ఐదు వందలు కుక్కిండు. పని కాకముందే! ఆఫీసుల ఫైలు కదలనీకి పెట్టినట్టు. నాకు రోషం రావాలె గద? రాలే. ఇన్నేండ్లకు ఒక్కడన్న ఇచ్చిండని మురిసిన, థూ! రెండు ఆదివారాలు ఆయన కార్డులకే పోయినయి.

పరీక్షలైనంక టీచరమ్మ ఉప్పల్‌కొచ్చి చాయ్ హోటల్ల కలిసింది. పేపర్లన్నీ చేత్తోనే రాసి, ఆ ప్రెస్సులనే జిరాక్సు తీయించిందట. ముందుగాల పైసలిస్తే నేను వెంటనే చేసిచ్చిన్నని ఆయన గొప్పలు చెప్పిండట. తిడుతదనుకున్న. తిట్టినా బాగుండు.

బల్ల మీద ఒక కవరు పెట్టింది. "ముందే ఇవ్వాలని నాకు తెలియలేదండి. ఏమనుకోకండి. ఏడాది చివరి పరీక్షలకైనా కాస్త చూడండి."

ఒళ్లు మండింది. ఆ ప్రెస్సాయన మీద, అంతకన్న నా మీద. మండింది నా మీదైతే, అరిచింది ఆమె మీద: "ఏందమ్మా ఇది, నేనేమన్న లంచగొండినా?" హోటలంత తిరిగి సూసింది. కవరు ఆమె దిక్కు తోసిన.

ఆమె బిత్తరపోయింది. కవరు దిక్కు సూసి, నా దిక్కు సూసి, మెల్లగ పర్సు తెరిచింది.

"తక్కువయిందాండి?"