తొడుగు కింద

మా రేవులో ఆవిడను అందరూ బుడగలక్క అంటారు. సముద్రం అడుగుకు దిగేవాళ్ల వీపు మీది సిలిండర్ నుంచి నోటికి గాలి అందించే రెగ్యులేటర్లను బాగుచేయడం ఆవిడ పని. గొట్టాన్ని నీళ్ల తొట్టిలో ముంచి, అటూ ఇటూ వంచి చూస్తుంది. ఒక్క బుడగ లేచినా అది చెత్తబుట్టలోకే. ఉప్పు కడగకుండా తెచ్చేవాళ్లకూ, గొట్టాన్ని మెలిపెట్టి మేకుకు తగిలించేవాళ్లకూ ఆవిడ నోరెలాంటిదో బాగా తెలుసు. ఎదురుగా తాళ్లు అమ్ముకునే నాకూ తెలుసు. కుదురుగా కూర్చోవడం మాత్రం ఆవిడ జాతకంలో లేదు. ఇంట్లో టీ పెట్టేముందు గ్యాస్ గొట్టానికి కూడా సబ్బునురగ పూస్తుంది.

"ఇంకాసేపుంటే నా ముక్కుకీ పూస్తావు," అంటుంది కూతురు.

ఆ కూతురు కొత్తవాళ్లను నీటి అడుగుకు తీసుకెళ్లే పనిలో చేరింది. చేరిననాడు తల్లి మురిసిపోయి కూతురి గొట్టానికీ, తనూ నీళ్లలోకి దిగే పనిలోనే ఉన్న మరిది గొట్టానికీ మందపాటి రబ్బరు తొడుగులు వేసింది. గొట్టం బిగింపు దగ్గర వంగి చిట్లకుండా కాస్తాయని.

ఆ రోజు పొద్దున మరిది గొట్టాన్ని తొట్టిలో ముంచితే తొడుగు కింద నుంచి సన్నగా బుడగలు. వెనక్కి జరిపి చూసింది. లోపల ఉప్పునీళ్లు నిలిచి, బిగింపు తుప్పుపట్టి, గొట్టం నెర్రెలిచ్చి ఉంది. కంచే చేను మేయడమంటే ఇదే. పడవవాడికి ఫోన్ చేస్తే, మీ అమ్మాయి వాళ్లు ఇప్పుడే దిగారన్నాడు. నీళ్ల కిందికి కబురెవరు మోస్తారు?

ఇక ఆవిడ కాలుగాలిన పిల్లే. గట్టు మీదికి వెళ్లింది, కొట్లోకి వచ్చింది, కడిగిన తొట్టినే మళ్లీ కడిగింది. అది చూసి నాకూ భయమేసింది.

"వదినా, పక్కనున్నవాళ్ల దగ్గర అదనపు గొట్టం ఉంటుంది కదా. కాసేపు కూర్చో," అన్నాడు మరిది.

"నీకేం, నీది తొట్టిలో చిట్లింది," అంది.

పడవ తిరిగొచ్చింది. కూతురు తన కాళ్ల మీదే దిగింది. అడుగున ఉండగా తొడుగు కింద గొట్టం చిట్లి గాలి పోతుంటే, తోటి శిక్షకుడి అదనపు గొట్టం నోట పెట్టుకుని, అందరినీ తీసుకుని మెల్లగా పైకొచ్చేసిందట. తల్లి ఆమె మొహం, మెడ, చేతులు తడుముతూనే ఉంది.

"బాగానే ఉన్నానమ్మా. మొన్న నాది చూశావు కదా, తొడుగు జరిపి చూశావా?"

"బయటివాళ్లవన్నీ జరుపుతాను," అంది తల్లి. "మీవి నేనే వేశాను కదే. చూసేదేముందిలే అనుకున్నాను."

కూతురు కోప్పడినా బాగుండేది. తల్లి చెయ్యి పట్టుకుని, "ఇకనుంచి నాది రేవు చివరి కొట్లో బాగుచేసే ఆయనకి ఇస్తానమ్మా," అంది.

బుడగలక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ రెగ్యులేటర్‌ను కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుని తనే చివరి కొట్టుకి మోసుకెళ్లింది.

"ఎవరిదక్కా ఇది?" అన్నాడాయన.

"ఎవరిదైతే నీకెందుకు? తొడుగు జరిపి చూడు."